స్పంజిక మొక్కా, జంతువా? ఒక వర్గీకరణ కథ

మీలో కొందరు ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివి ఉంటారు. చదవనివారికి కూడా స్పాంజి అనే మాట తెలుసు. గిన్నెలు తోమే స్పాంజి ఫ్యాక్టరీలో తయారైన వస్తువు. దానికి ఆ పేరు రావడానికి కారణమైన స్పంజిక మాత్రం ప్రాణమున్న జీవి, సముద్రం అడుగున రాతికి అతుక్కుని కదలకుండా బతుకుతుంది. చరిత్ర చదివే మనకు దీనితో పనేమిటని మీరు అడగవచ్చు. ఒక జీవిని ఏ గదిలో పెట్టాలో మనిషి నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయానికి ఒక కాలం ఉంటుంది, ఆ కాలంలో దొరికిన సాక్ష్యం ఉంటుంది. స్పంజిక విషయంలో ఆ నిర్ణయం రెండువేల మూడువందల ఏళ్లుగా మారుతూనే ఉంది.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకులకు స్పంజిక నిత్యం వాడుకునే వస్తువు. ఒళ్లు రుద్దుకోవడానికే కాక, యుద్ధానికి వెళ్లేటప్పుడు శిరస్త్రాణం లోపల మెత్తగా ఉండటానికి కూడా దాన్ని పెట్టుకునేవారు. అరిస్టాటిల్ జంతువుల గురించి రాసిన గ్రంథంలో దీని ప్రస్తావన ఉంది. పెరికివేయడానికి ఎవరైనా దగ్గరికి వస్తే స్పంజిక ముడుచుకుపోతుందని, అందుకే దాన్ని ఊడదీయడం కష్టమని చెబుతారని ఆయన రాశాడు. ఆ వెంటనే, టోరోనే అనే ఊరివాళ్లు దీన్ని ఒప్పుకోరని కూడా రాశాడు. ఈ రెండో వాక్యాన్ని మీరు ప్రత్యేకంగా గమనించాలి. స్పర్శజ్ఞానం ఉంటే జంతువు, లేకపోతే మొక్క అన్నది అప్పటి కొలమానం. ఆ కొలమానం మీద సాక్షులు ఏకాభిప్రాయానికి రాలేదని ఆయన దాచకుండా నమోదు చేశాడు.

తరువాతి చాలా శతాబ్దాల పాటు చెప్పుకోదగ్గ మార్పు లేదు. 18వ శతాబ్దంలో లిన్నేయస్ స్పంజికను మొదట శైవలాల పక్కన, అంటే మొక్కల్లో చేర్చి, తరువాత అభిప్రాయం మార్చుకుని జంతువుల వైపు తెచ్చాడు. ఆ మార్పుకు ముందు, 1765లో, లండన్ వర్తకుడు జాన్ ఎల్లిస్ బతికున్న స్పంజికలను పరిశీలించి, వాటి రంధ్రాల్లో నీరు కదులుతోందని రాయల్ సొసైటీకి తెలియజేశాడు. అయితే ఒకే రంధ్రం నీటిని పీల్చి, తిరిగి వదులుతుందని ఆయన అనుకున్నాడు.

ఆ పొరపాటును సరిదిద్దినవాడు ఎడిన్‌బరోకు చెందిన రాబర్ట్ గ్రాంట్. 1825 ప్రాంతంలో ఆయన దగ్గర్లోని సముద్రతీరం నుంచి స్పంజికలు తెచ్చి, చిన్న గాజుపళ్లెంలో పెట్టి, సూక్ష్మదర్శిని కింద ఓపికగా చూశాడు. పెద్ద రంధ్రం గుండా నీరు ఎప్పుడూ బయటికే వస్తోంది, ఒక్కసారి కూడా లోపలికి పోవడం లేదు. అంటే లోపలికి పోయే దారి వేరే ఉండాలి. ఒళ్లంతా ఉన్న సన్నని రంధ్రాలే ఆ దారి. స్పంజిక డింభకాలు శైలికల సాయంతో ఈదడం కూడా ఆయన చూశాడు. పెద్దయ్యాక కదలని జీవి పిల్లగా ఉన్నప్పుడు ఈదుతుందంటే దాన్ని మొక్క అనడం కష్టం. ఈ వర్గానికి ‘పొరిఫెరా’ అని పేరు పెట్టినదీ ఆయనే. రంధ్రాలను ధరించినది అని ఆ మాటకు అర్థం.

ఇక్కడ ఒక పక్క విషయం. ఆ రోజుల్లో గ్రాంట్ వెంట తీరానికి వెళ్లి జీవులను ఏరుకొచ్చిన కుర్రాళ్లలో వైద్యం చదవడానికి వచ్చిన చార్లెస్ డార్విన్ ఒకడు. జీవులు కాలక్రమంలో మారతాయన్న లామార్క్ వాదాన్ని గ్రాంట్ ఒకరోజు నడుస్తూ ఎంతో మెచ్చుకున్నాడని, తాను ఆశ్చర్యపోతూ మౌనంగా విన్నానని డార్విన్ ఆత్మకథలో గుర్తు చేసుకున్నాడు. గ్రాంట్‌కు స్పంజిక ఒక వింత జీవి మాత్రమే కాదు, జంతువుల పుట్టుక ఎలా మొదలై ఉంటుందో చూపించే కిటికీ.

జంతువేనని తేలాక కొత్త ప్రశ్న పుట్టింది: ఇది ఒక జంతువా, అనేక సూక్ష్మజీవుల గుంపా? 1860లలో అమెరికన్ శాస్త్రవేత్త హెన్రీ జేమ్స్ క్లార్క్ స్పంజిక లోపలి కణాలకు ఒక కశాభం, దాని చుట్టూ చొక్కా కాలరులాంటి అంచు ఉండటం చూశాడు. నీటిలో ఒంటరిగా బతికే కొయనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణజీవులు కూడా అచ్చం అలాగే ఉంటాయి. అందుకే స్పంజిక ఆ జీవుల కాలనీయే అని ఆయన తేల్చాడు. తీర్పు నిలవలేదు కానీ పరిశీలన నిలిచింది. జంతువులన్నిటికీ అతి దగ్గరి ఏకకణ బంధువులు కొయనోఫ్లాజెల్లేట్లేనని ఇవాళ జన్యువుల ఆధారంతో అంగీకరిస్తున్నారు. ఇక 1907లో విల్సన్ బతికున్న స్పంజికను సన్నని పట్టుగుడ్డ గుండా పిండి కణాలుగా విడగొడితే, అవి మళ్లీ ఒకచోట చేరి కొత్త స్పంజికగా తయారయ్యాయి. గుంపా, ఒంటి జీవా అన్న ప్రశ్న ఎందుకంత తేలిగ్గా తెగలేదో దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది.

ఈ మధ్యలోనే, 1884లో, సోలాస్ అనే శాస్త్రవేత్త స్పంజికలను మిగతా జంతువుల నుంచి విడదీసి ‘పారాజోవా’ అన్నాడు, అంటే పక్కన ఉన్న జంతువులు. నోరు లేదు, జీర్ణకోశం లేదు, నాడులు లేవు, కండరాలు లేవు. కనుక ఇది పరిణామంలో ముందుకు సాగని గుడ్డికొమ్మ అన్న భావన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. నేనూ ఎన్నో ఏళ్లు బోర్డు మీద అలాగే రాశాను. ఒక ఆదివారం కాంటాక్ట్ క్లాసులో, పగలు ఉద్యోగం చేసుకుంటూ చదివే ఒకాయన లేచి, “సార్, స్పంజిక ఇవాళ కూడా బతికే ఉంది కదా, మనకెంత వయసో దానికీ అంతే వయసు కదా, అది ఆదిమం ఎలా అయింది?” అని అడిగారు. ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు.

ఆయన ప్రశ్న సరైనదే. మన దేశంలోని మంచినీటి స్పంజికలనే చూడండి. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన నెల్సన్ అన్నండేల్ 1911లో వీటిపై ఒక సంపుటి ప్రచురించాడు. చెరువు ఎండిపోతే తల్లి స్పంజిక చచ్చిపోతుంది. కానీ అది ముందే తయారుచేసుకున్న జెమ్యూల్స్ అనే గట్టి గింజల్లాంటివి ఎండను తట్టుకుని, వానలు పడి నీళ్లు చేరాక మొలకెత్తుతాయి. సముద్రంలో ఉండే పూర్వీకులకు ఇలాంటి ఎండాకాలం లేదు. ఇది తరువాత సంపాదించుకున్న నేర్పు. 1995లో ఇంకో దెబ్బ తగిలింది: మధ్యధరా సముద్రపు గుహలో దొరికిన ఒక స్పంజికకు నీటిని వడకట్టే ఏర్పాటే లేదు, చిన్న చిన్న రొయ్యజాతి జీవులను పట్టుకుని తింటోంది. రంధ్రాలను ధరించినది అన్న పేరు కూడా అన్నిటికీ సరిపోలేదన్నమాట.

2010లో ఆస్ట్రేలియా పగడపు దిబ్బల్లోని ఒక స్పంజిక జన్యుపటం పూర్తయింది. నాడీకణమే లేని ఆ జీవిలో, ఇతర జంతువుల నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి తోడ్పడే జన్యువుల్లో చాలా భాగం ఉన్నాయి. అంతకు రెండేళ్ల ముందే మరో వాదం లేచింది. జంతువుల వంశవృక్షంలో మొదట విడిపోయినది స్పంజిక కాదు, టీనోఫోరా వర్గం అని. దువ్వెన పళ్లలాంటి శైలికల వరుసలతో ఈదే ఈ జెల్లీ జీవులకు నాడులు, కండరాలు రెండూ ఉన్నాయి. ఇదే నిజమైతే రెండు దారులే మిగులుతాయి: నాడీవ్యవస్థ రెండుసార్లు విడివిడిగా పుట్టి ఉండాలి, లేదా స్పంజికలకు ఒకప్పుడు ఉండి పోయి ఉండాలి. రెండో దారిలో స్పంజిక మెట్టు ఎక్కనిది కాదు, దిగి వచ్చినది.

2023లో వచ్చిన ఒక పరిశోధన క్రోమోజోములను సాక్ష్యానికి పిలిచింది. రెండు పేక కట్టలను కలిపి బాగా కలియబెడితే మళ్లీ వాటంతట అవి విడిపోవు. కొన్ని జన్యువుల గుంపులు ఏకకణ బంధువుల్లోనూ టీనోఫోరాలోనూ విడివిడిగా ఉన్నాయి. స్పంజికల్లోనూ మిగతా జంతువుల్లోనూ కలిసిపోయి ఉన్నాయి. కనుక ఆ కలయిక జరగకముందే టీనోఫోరా విడిపోయిందని వారి వాదన. జన్యువుల వరుసలను వేరే పద్ధతుల్లో పోల్చినవారు మాత్రం స్పంజికనే మొదట నిలబెడుతున్నారు. ఇవాళ 9,000కు పైగా స్పంజిక జాతులకు పేర్లు ఉన్నాయి, వాటిని నాలుగు విభాగాలుగా సర్దారు. ఆ వర్గం మొత్తం వంశవృక్షంలో ఏ కొమ్మ మీద కూర్చోవాలన్నది ఇంకా తేలలేదు. మీ పాత పుస్తకంలో ‘పారాజోవా’ అన్న మాట కనబడితే దాన్ని కొట్టివేయకండి, పక్కన 1884 అని రాసుకోండి.