ఇంట్లో సంకర ఆర్కిడ్ల పెంపకం

రెండు వేర్వేరు జాతుల లేదా ప్రజాతుల ఆర్కిడ్లను సంపర్కం చేయించి పొందిన మొక్కలను సంకర ఆర్కిడ్లు అంటారు. నర్సరీలలో దొరికే ఫాలినాప్సిస్, డెండ్రోబియం మొక్కలలో అధికభాగం ఇటువంటివే. హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ వంటి ప్రాంతాలలో పెరళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చిన తరువాత మొక్కలకు మిగిలినవి కిటికీ, బాల్కనీ మాత్రమే. మట్టి అక్కరలేని ఈ మొక్క ఆ కొద్దిచోటులో పెరుగుతుంది, పెంచే పద్ధతి తెలిసినట్లయితే.

== చరిత్ర ==
మానవుడు సృష్టించిన మొదటి సంకర ఆర్కిడ్ 1856లో ఇంగ్లండులో పుష్పించింది. దానిని రూపొందించినవాడు జాన్ డొమినీ అనే తోటమాలి. ఆర్కిడ్ విత్తనాలు ధూళివలె సూక్ష్మమైనవి. వాటిలో ఆహార నిల్వ దాదాపు ఉండదు కనుక ప్రకృతిలో శిలీంధ్రాల సహాయంతోనే మొలకెత్తుతాయి. 1922లో అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన మాధ్యమంలో శిలీంధ్రం లేకుండానే వాటిని మొలకెత్తించాడు. తరువాత కణజాల వర్ధనం కూడా తోడు కావడంతో, ఒకప్పుడు సంపన్నుల గాజుగృహాలకే పరిమితమైన మొక్క సామాన్యులకు అందింది. నేడు నమోదైన సంకరాలు లక్షకు పైగా ఉన్నాయి.

== వేర్లు, నీరు ==
ఇంట పెంచే ఆర్కిడ్లలో ఎక్కువ భాగం చెట్లపై నివసించే వృక్షోపజీవులు. బదనికవలె ఇవి చెట్టు రసాన్ని పీల్చవు, ఆధారం మాత్రమే తీసుకుంటాయి. వేర్లపై వెలామెన్ అనే స్పంజివంటి పొర ఉంటుంది. అది వాననీటిని త్వరగా పీల్చుకొని, గాలికి ఆరుతుంది. మట్టిలో నాటితే వేర్లకు గాలి అందక కుళ్ళిపోతాయి. అందువల్ల కట్టెబొగ్గు, ఇటుక ముక్కలు, నానబెట్టి కడిగిన కొబ్బరి డొక్క ముక్కలతో, చిల్లులు గల కుండీలో నాటాలి.

ఆర్కిడ్లు నీరు చాలక చనిపోవడం కంటే నీరు ఎక్కువై చనిపోవడమే తరచు. ఆకులు వడలగానే మరింత నీరు పోయడం సాధారణంగా జరిగే పొరపాటు; వేరు కుళ్ళినా ఆకులు అలాగే వడలుతాయి. వేరు వెండిరంగులో ఉంటే నీరు పోయాలి, ఆకుపచ్చగా ఉంటే ఆగాలి. ఫాలినాప్సిస్ ఆకుల నడుమ మొవ్వులో నీరు నిలవకూడదు. బోరు నీటిలోని లవణాలు వేర్లకు హాని చేస్తాయి కనుక వాననీరు శ్రేష్ఠం.

== హైదరాబాదు వాతావరణం ==
ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, గాలిలో తేమ బాగా తగ్గుతుంది. అప్పుడు కుండీని గులకరాళ్ళు, నీరు ఉన్న పళ్ళెంపై, అడుగు నీటికి తగలకుండా ఉంచాలి. ఏసీ గాలి నేరుగా తగలరాదు. తూర్పు కిటికీ మేలైనది, పడమటి ఎండకు ఆకులు మాడుతాయి. ముదురు ఆకుపచ్చ ఆకులు వెలుతురు చాలడం లేదనడానికి గుర్తు. డెండ్రోబియంకు ఎక్కువ వెలుతురు కావాలి కాబట్టి దానిని బాల్కనీలో ఉంచడం మంచిది.

== పుష్పించడం ==
మొదటి పూలు రాలగానే మొక్క పని అయిపోయిందని పారవేసేవారు చాలామంది. నిజానికి ఫాలినాప్సిస్ చాలా ఏళ్ళు బ్రతికి, మళ్ళీ మళ్ళీ పూస్తుంది. కొన్ని వారాలపాటు ఉష్ణోగ్రత 25 డిగ్రీల లోపున ఉంటేనే దానికి పూకాడ వస్తుంది. ఈ నగరంలో నవంబరు నుండి జనవరి వరకు రాత్రులు ఆ చల్లదనాన్ని ఇస్తాయి. ఆ రోజులలో మొక్కను గది మధ్య నుండి కిటికీ దగ్గరకు జరిపితే చాలు. కాడ కనిపించిన తరువాత పూలు విచ్చుకోవడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. ఈలోగా కుండీని అటూ ఇటూ తిప్పకూడదు. పూలు రాలిన తరువాత కాడ పచ్చిగా ఉంటే, కింది నుండి రెండవ లేదా మూడవ కణుపు పైన కత్తిరిస్తే ఒక్కొక్కసారి అక్కడినుండి కొత్త కొమ్మ వస్తుంది.