జర

జర: తెలంగాణ తెలుగులో నిత్యం వినిపించే క్రియావిశేషణం. ‘కొంచెం’, ‘కాస్త’ అని అర్థం. కామారెడ్డి జిల్లా భిక్నూర్ ప్రాంతంలో పరిమాణం చెప్పడానికే కాక, అడిగే మాటలోని కరకుదనం పోగొట్టడానికీ దీన్ని వాడతారు. ‘జర ఆగుండ్రి’ అంటే అది ఆజ్ఞ కాదు, మన్నన.

అరబ్బీలో రేణువుకు ‘జర్రా’ అని పేరు. అది ఉర్దూలో ‘జరా’ అయి, తెలుగులో చివరి దీర్ఘం పోగొట్టుకుంది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో (1518–1687) దక్కనీ ఉర్దూ, తెలుగు పక్కపక్కనే మెలిగాయి. ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో పొన్నగంటి తెలగనార్యుడు అచ్చతెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ రాసి పటాన్‌చెరు అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. కుతుబ్‌షాహీల తర్వాతి రెండు శతాబ్దాల్లో పారశీకం రాజభాషగా సాగింది.

1884లో నిజాం ప్రభుత్వం పారశీకం స్థానంలో ఉర్దూను అధికార భాషగా చేసింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. దరఖాస్తు, వకీలు, దవాఖాన లాంటి మాటలు ఊరూరా స్థిరపడ్డాయి. తెలుగుకు మాత్రం సభల్లోనూ మర్యాద కరువైంది. 1921లో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో జరిగిన సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు. ఆ అవమానం నుంచే తెలుగువారి సంస్థ ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించి తెలంగాణలో కవులే లేరన్న మాటకు దీటైన జవాబిచ్చారు. భాష కోసం ఇంత పెనుగులాట నడుస్తున్నా ‘జర’ను పరాయి మాటగా ఊళ్లో ఎవరూ చూడలేదు. కచేరీ కాగితాల మాటలు కొన్ని ఆ పాలనతోనే వెనక్కి పోయాయి. ఇది వంటింట్లోనూ చావిట్లోనూ పాతుకున్న మాట కాబట్టి నిలిచింది.

వాడుకలో ఇది తాను చేరే మాటకు ముందు వస్తుంది: ‘జర సూడు’, ‘జర పైలం’ (జాగ్రత్త). కూరలో ‘జరంత ఉప్పు’, అరుగు మీద ‘జరసేపు’. నొక్కి చెప్పేటప్పుడు ‘జర్ర’ అవుతుంది. కిక్కిరిసిన బస్సులో ‘జర జరుగుండ్రి’ అంటారు. ఇందులో రెండోది అచ్చమైన తెలుగు క్రియ, మొదటిదానితో చుట్టరికం లేదు.

సినిమాలు చాలాకాలం ఈ తెలంగాణ యాసను హాస్యగాళ్లకూ ప్రతినాయకులకూ వదిలేశాయి. శేఖర్ కమ్ముల ‘ఫిదా’ (2017) బాన్సువాడ అమ్మాయిని కథానాయికగా నిలిపి, ఇదే యాసలో ఆత్మగౌరవంతో మాట్లాడించింది.