కరిగిన పాత్ర, మిగిలిన పనితనం

1976లో చైనాలోని అన్యాంగ్ దగ్గర దొంగల చేయి పడని ఒక సమాధి బయటపడింది. అది క్రీస్తుపూర్వం 1200 ప్రాంతంలో బతికిన ఫూ హావ్‌ది. షాంగ్ రాజు వూ డింగ్ భార్యల్లో ఆమె ఒకరు, సేనలు నడిపిన స్త్రీ. సమాధిలో 460కి పైగా కంచు వస్తువులున్నాయి. మూడు కాళ్ల ‘జ్యూ’, బాకాలా విప్పారిన ‘గూ’ వంటి మద్యపాత్రలు వాటిలో ఎన్నో. చాలావాటి మీద ఆమె పేరే ఉంది. అంతకు రెండున్నర వేల ఏళ్ల తర్వాత ఓరుగల్లును ఏలిన కాకతీయ రుద్రమదేవి కూడా యుద్ధం చేసిన రాణే. అయితే ఆమె మనకు చేరింది రాతి మీది అక్షరాల్లో. ఆమె మరణవార్తను సైతం 1289 నాటి చందుపట్ల శాసనమే మోసుకొచ్చింది. కోటలో తోరణాలు నిలిచాయి. మరి ఆ నగరం వాడిన బిందెలు, చెంబులు, గంగాళాలు ఏమయ్యాయి?

అవి కరిగిపోయాయి. చైనా కంచుపాత్ర నేటికి మిగలడానికి కారణం దాన్ని మట్టిలో దాచడమే. పితృదేవతలకు మద్యం సమర్పించే ఆ పాత్రలు చనిపోయినవారి వెంట సమాధిలోకి వెళ్లాయి, లేదా యుద్ధకాలంలో గోతుల్లో దాగాయి. పైన ఉండిపోయిన కంచుకు అక్కడా కొలిమే గతి అయింది. మన దగ్గర పాత్ర చచ్చినవారితో పోదు, బతికినవారితో ఉంటుంది. చిల్లు పడితే మాటు వేయిస్తారు, మరీ పాతబడితే తూకానికిచ్చి కొత్తది తెచ్చుకుంటారు. అమ్మమ్మ బిందెలోని ఇత్తడి మనవరాలి కొత్త బిందెలోకి చేరుతుంది. లోహం అలా చేతులు మారుతూ ఉన్న చోట పాత వస్తువు కనబడకపోవడం చేతివృత్తి లేదనడానికి రుజువు కాదు. అది ఆగకుండా సాగిందనడానికే గుర్తు.

ఆ సాగుదల నేడు కళ్లకు కనిపించే చోటు జనగామ దగ్గరి పెంబర్తి. 2016లో జిల్లాలు విడిపోయేదాకా అది వరంగల్ జిల్లాలోదే. అక్కడ విశ్వకర్మ కుటుంబాలవారు ఇత్తడి రేకును లక్క మీద బిగించి, ఉలితో, సుత్తితో కొట్టి, బొమ్మను ఉబ్బెత్తుగా లేపుతారు. షాంగ్ పనివారి దారి వేరు. మట్టి మూసను ముక్కలుగా కోసి మళ్లీ జతచేసి, కరిగిన కంచును అందులో పోసేవారు. అక్కడ నగిషీని ముందే మట్టిలో చెక్కేవారు. ఇక్కడ అది దెబ్బ దెబ్బకూ రేకులో పుడుతుంది. గుళ్లకు కలశాలు, మకరతోరణాలు, ధ్వజస్తంభపు తొడుగులు చేసిన ఈ పనితనమే నిజాం కాలంలో పాన్‌దాన్‌లు, అత్తర్‌దాన్‌లు చేసింది, ఇప్పుడు ఇళ్ల గోడలకు ఫలకాలు చేస్తోంది. కొనేవారు మారారు, పాత్ర మారింది, పనితనం నిలిచింది. చైనాలో జ్యూ, గూ వంటి రూపాలు షాంగ్ తర్వాతి జౌ వంశపు కాలంలోనే వాడుక తప్పాయి. కాలం గడిచాక సాంగ్ యుగపు పండితులు వాటిని సేకరించి, పట్టికలు రాసి, పేర్లు నిర్ణయించాల్సి వచ్చింది.

పెంబర్తి మూలం కాకతీయుల నాటిదనడం ఊరి నమ్మకమే కదా, వస్తువే లేనప్పుడు ఎలా ఒప్పుకోవాలి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఫలానా కుటుంబం ఫలానా రాజు కాలం నుంచి ఉందని నేనూ అనను. లోహం రాకపోకలకు మాత్రం సాక్ష్యం ఉంది. కాకతీయ రాజు గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సుంకం కట్టే సరుకుల్లో రాగినీ, సీసాన్నీ పేర్కొంది. ఓడలు దిగిన రాగి రాజ్యంలో ఎక్కడో కొలిమికి చేరే ఉంటుంది. మరో ఆక్షేపణ: మద్యానికి కంచుపాత్ర చేసిన చైనాతో మనకు పోలికేమిటి? ఇక్కడ కల్లు కుండలో నిలుస్తుంది, తాటాకు రేకలోకి ఒంపుకుని తాగుతారు. నిజమే. లోహం మాత్రం పూజకు వెళ్లింది. అయినా పూర్వీకుల సన్నిధిని పాత్రలో చూడటం మనకు కొత్త కాదు. మేడారంలో సమ్మక్క చిలుకలగుట్ట నుంచి గద్దెకు వచ్చేది కుంకుమ భరిణె రూపంలోనే.

అయితే పనితనం మిగిలింది కదా అని పాతదాన్ని నిశ్చింతగా కరిగించవచ్చా? కూడదు. జౌ కాలపు పాత్రల మీద కొడుకులూ మనవలూ దీన్ని ఎల్లకాలం దాచుకోవాలని చెక్కేవారు. మన పాత్రల మీద ఇచ్చినవారి పేరుంటుంది, చేసినవారి పేరు అరుదు. గుడి పాత కలశాన్ని కొలిమికి పంపే ముందు దాని కొలతలు, బరువు, నగిషీ రాసిపెట్టాలి, ఫోటో తీయాలి. కొత్తదాని అడుగున చేసినవారి పేరు కొట్టించాలి. లోహం ఎలాగూ మళ్లీ కరుగుతుంది. పేరు రాసి ఉంటే ఈసారి దానితోపాటు మనిషి కూడా కరిగిపోడు.