నీలిపంటి రాజు, తీగలేని పలుకు

నంద్యాల – ఆళ్లగడ్డ బస్సులో నేడు చెవికి తీగ లేకుండానే పాట వినేవారు ఎందరో. జేబుకూ చెవికీ నడుమనున్న ఆ మూరెడు దూరాన్ని దాటించే విద్య పేరు బ్లూటూత్. నీలిపంటికీ రేడియో తరంగానికీ పొత్తేమిటని అడిగేవారు మాత్రం అరుదు.

1895లోనే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు గోడ ఆవలికి విద్యుదయస్కాంత తరంగాలను పంపి గంట మోగించారు. అల్పశక్తితో కొద్ది దూరానికే పరిమితమైన నేటి పద్ధతికి 1994లో స్వీడన్‌లోని ఎరిక్‌సన్ సంస్థ పూనుకొన్నది. యాప్ హార్ట్‌సెన్ అందులో ముఖ్యుడు. సంకేతం 79 దారుల మధ్య సెకనుకు 1600 మార్లు గెంతుతూ పోతుంది గనుక పొరుగు తరంగాల రొద దానిని అంతగా చెరపదు.

అయితే ఎవరి పరిభాష వారిదైతే ఒకరి ఫోను మరొకరి కంప్యూటరుతో పలుకదు. అందుకే 1998లో ఎరిక్‌సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా ఒక ఒడంబడికకు వచ్చాయి. ఇంటెల్ ఇంజనీరు జిమ్ కార్డాక్ 1997లో తాత్కాలికంగా సూచించిన పేరే స్థిరపడింది. అది 10వ శతాబ్దపు డెన్మార్కు రాజు హరాల్డ్ మారుపేరు. డెన్మార్కునంతటినీ నార్వేనూ గెలిచానని ఆయన యెల్లింగ్ శిలపై చెక్కించుకొన్నాడు. విడివిడి జనులను కలిపిన రాజు పేరు విడివిడి యంత్రాలను కలిపే విద్యకు అమరింది. ఫోను తెరపై కనిపించే గుర్తు ఆయన పేరులోని రెండు రూన్ అక్షరాల కలయిక. మన సంయుక్తాక్షరం వంటిది. ఆళ్లగడ్డ శిల్పులకు నచ్చే సంగతి: ఒకనాడు రాతికెక్కిన లిపి వెయ్యేండ్ల తరువాత గాజు తెరకెక్కింది.

మిత్రులారా, మన తెలుగు అక్షరం ఒక కంప్యూటరు నుండి మరొకదానికి చెదరక చేరడమూ యూనికోడ్ అనే ఇటువంటి ఒడంబడిక చలవే కదా! తరంగం ఒక్కటే చాలదు, మాట కుదరాలి.