పోలీసు జట్టుపై ఒక అభియోగం - నా సమాధానం

మొన్న శివరాత్రి తిరునాళ్ళనాడు కోటప్పకొండ దిగువన, ప్రభలు వరుసగా నిలిచిన చోట, నా పూర్వశిష్యుడొకడు ఎదురుపడి నమస్కరించాడు. హైదరాబాదులో ఉద్యోగం, ఫుట్‌బాలంటే ప్రాణం. ఆనాడు కూడా ఒంటిమీద హైదరాబాద్ ఎఫ్‌సీ వారి పసుపుపచ్చ చొక్కాయే ఉన్నది. 2025లో ఆ క్లబ్బు ఊరూ పేరూ మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది గదా, ఇంకా ఈ చొక్కా ఎందుకురా అన్నాను. వాడు నవ్వి, బందోబస్తుకు నిలబడిన కానిస్టేబుళ్ళ వైపు చూపించి, "అసలు హైదరాబాదు ఆటను ముంచింది వీళ్ళ శాఖే మాస్టారూ" అన్నాడు.

ఈ మాట నాకు కొత్త కాదు. హైదరాబాదు పాత ఆటను ఎరిగిన పెద్దల నోట కూడా విన్నాను. అభియోగం స్థూలంగా ఇది. దేశంలోకెల్ల గొప్ప జట్టును ఒక ప్రభుత్వశాఖ చేతిలో పెట్టారు. ఆ శాఖకు డబ్బు పెట్టే చొరవ లేదు. మెరికల్లాంటి ఆటగాళ్ళను కలకత్తా క్లబ్బులు తన్నుకుపోతుంటే చూస్తూ కూర్చున్నది. రహీం సాహెబు గతించాక ఆయన స్థానంలో మరొకరిని నిలబెట్టలేకపోయింది. ఇందులో చివరి మాట కొంత నిజమే. దాని దగ్గరకు తరువాత వస్తాను. తక్కిన అభియోగంతో నాకు పేచీ ఉన్నది. తిరునాళ్ళ మైకుల హోరులో వాడికి సగమే చెప్పగలిగాను. మిగిలిన సగం ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఆ జట్టు ఏమి సాధించినదో నేటి పిల్లలకు చెప్పాలి. బొంబాయిలో ఒకప్పుడు జరిగిన రోవర్స్ కప్పు 1891లో మొదలైన పాత పోటీ. దానిని హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలుచుకున్నది. 1957లో మరల గెలిచింది. ఆంధ్రా పోలీసు అన్న పేరుతో 1960లోనూ, 1963లోనూ గెలిచింది. నడుమ 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి పంచుకున్నది. అంతకంటె పాతదైన డ్యూరాండ్ కప్పు 1950, 1954, 1957, 1961 సంవత్సరాలలో ఈ పోలీసులదే. కలకత్తా క్లబ్బుల వెనుక లక్షలాది అభిమానులు, సంపన్నులైన పోషకులు ఉండగా, ఈ జట్టు వెనుక ఉన్నది నెలజీతపు ఉద్యోగం, ఒక బడిపంతులు.

అవును, బడిపంతులే. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియాలో చదివి, పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు; వ్యాయామ విద్యలో పట్టా పుచ్చుకున్నాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950 నుండి 1963లో కన్నుమూసేవరకు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు ఆయనే. (నేనూ పంతులునే గనుక పక్షపాతం ఉన్నదంటే ఒప్పుకుంటాను.) ఆయన పద్ధతులలో బడివాసన స్పష్టంగా కనిపిస్తుంది. బంతిని కాలి దగ్గరే పెట్టుకొని ఒంటరిగా తప్పించుకుపోవడం నిషేధించి పోటీలు పెట్టేవాడు. తోటివాడికి అందించక తప్పదు. వాటంలేని కాలితోనే తన్నాలని మరొక రకం పోటీ పెట్టేవాడు. ఎడమచేతి వ్రాతను మాన్పించే పంతుళ్ళను చూశాము గాని, రెండు కాళ్ళకూ సమానంగా అక్షరాభ్యాసం చేయించిన పంతులు ఈయనే. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలోనూ, 1962లో జకార్తాలోనూ స్వర్ణపతకాలు గెలిచింది; 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. 2024లో ఆయన కథ 'మైదాన్' అనే హిందీ చిత్రంగా వచ్చాక గాని మనవాళ్ళలో చాలామందికి ఆయన పేరు తెలియలేదు.

ఇక్కడ నా మొదటి ప్రశ్న. ఈ పంతులుకు పదమూడేళ్ళపాటు జట్టును అప్పగించి ఉంచినది ఎవరు? ఆ పోలీసుశాఖే. 1952లో హెల్సింకీలో ఆయన శిక్షణలోని భారత జట్టు యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడింది. ఈనాటి క్లబ్బుల యజమానులైతే అలాంటి ఓటమి తరువాత శిక్షకుణ్ణి మరునాటి విమానం ఎక్కించి పంపేవారు. హైదరాబాదులో అలా జరగలేదు. ఆయన తిరిగివచ్చి తన పోలీసు కుర్రాళ్ళతో పని కొనసాగించాడు. వరుసగా గెలుస్తున్న రోవర్స్ కప్పును మరి రెండేళ్ళు ఎవరికీ వదలలేదు. నిర్వహణ అంటే డబ్బు గుమ్మరించడం ఒకటే కాదు. పని తెలిసినవాడిని పని చేయనివ్వడం కూడా నిర్వహణే.

ఇక డబ్బు సంగతి. ఆటగాడికి ఆ శాఖ ఇచ్చినది పోలీసు ఉద్యోగం. ఆట ఉన్నంతకాలం ఆట, తరువాత కొలువు, ఆపైన పింఛను. ముప్ఫయ్యేళ్ళకే మోకాలు అరిగిపోయే ఈ వృత్తిలో అది చిన్న విషయమా? నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటివారు ఒలింపిక్స్ ఆడివచ్చినవారు. అలాంటి హోదా గల ఆటగాడికి కూడా రేపటి కూడు గురించిన భయం లేకుండా చేసినది ఆ ఏర్పాటే. ప్రపంచంలో ఇది వింత కూడా కాదు. మాస్కో డైనమో క్లబ్బు 1923లో పుట్టినది రక్షకభట వ్యవస్థ నీడలోనే. తూర్పు ఐరోపాలో సైన్యం నడిపిన క్లబ్బులు ఎన్నో ఉన్నాయి. అక్కడివారిని మెచ్చుకొని, మన గోషామహల్ వారిని గేలి చేయడం ఏమి న్యాయం?

దీనికి ఎదురుగా మా శిష్యుడి పసుపుపచ్చ చొక్కా క్లబ్బును పెట్టి చూడండి. 2019లో పూణే క్లబ్బు స్థానంలో పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. కరోనా కారణంగా పోటీలన్నీ గోవాలోనే జరిగాయి గనుక, సొంత ఊరి ప్రేక్షకుల నడుమ ఒక్క ఆటైనా ఆడకుండానే కిరీటం పెట్టుకున్నది. రెండేళ్ళు తిరగకుండా జీతాల బకాయిలు పడ్డాయి. కొత్త ఆటగాళ్ళను తీసుకోరాదని నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. 2023-24లో ఒకే ఒక్క గెలుపుతో అట్టడుగున మిగిలింది. చివరకు యాజమాన్యం మారి, 2025లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయి వెళ్ళిపోయింది. ఆ కుర్రాళ్ళ ఆటను తప్పుపట్టను, చక్కని ఆట. కాని కొనుక్కున్నవాడు మూటగట్టుకొని పోగలిగిన వస్తువును ఊరి ఆస్తి అనుకోవడం అభిమానుల అమాయకత్వం. ఇంగ్లండులో వింబుల్డన్ క్లబ్బును 2003లో మిల్టన్ కీన్స్‌కు తరలించినప్పుడు అక్కడి అభిమానులూ ఇట్లే నిర్ఘాంతపోయారు. అయితే వారు ఏడుస్తూ కూర్చోలేదు. తరలింపుకు అనుమతి వచ్చిన 2002లోనే సొంతంగా మరొక క్లబ్బు పెట్టుకున్నారు.

కలకత్తా వలస సంగతి కొంచెం నిదానంగా చూడాలి. సికింద్రాబాదు అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. నయీముద్దీన్, హబీబ్ 1966లో అదే క్లబ్బులో చేరారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకుడు నయీముద్దీనే. హబీబ్ అందులో ఆడినవాడే. వీళ్ళను ఆపి ఉండవలసిందని అభిమానులు అంటారు. ఏమి పెట్టి ఆపాలి? ప్రభుత్వ జీతాల పట్టికలో ఫార్వర్డుకు ఒక స్కేలు, గోల్‌కీపరుకు ఒక స్కేలు ఉండవు. ఆటకు వేలమంది టిక్కెట్టు కొని వచ్చే నగరం ఆటగాడికి ఇవ్వగలిగినది, ఆ రాబడి లేని నగరం ఇవ్వలేదు. పైగా అడ్డుపడి ఉంటే ఏమయ్యేది? పేదింటి పిల్లవాడి కాలికి పలుపు కట్టినట్లయ్యేది. పోలీసుశాఖ పలుపు కట్టలేదు. నా దృష్టిలో అది చేతగానితనం కాదు, పెద్దమనిషితనం. బలరాం 2023 ఫిబ్రవరిలో, హబీబ్ అదే ఏడు ఆగస్టు 15న కాలం చేశారు. ఇద్దరి కీర్తీ కలకత్తాలో పండింది, నాటు పడింది మాత్రం ఇక్కడే. నాటిన మడిని తిట్టేవాడు వ్యవసాయం ఎరుగనివాడు.

అయితే ఆ శాఖ తప్పు ఏమీ లేదా? ఉన్నది. రహీం సాహెబు క్యాన్సరుతో 1963 జూన్ 11న పోయాడు. ఆ ఏటి రోవర్స్ కప్పును జట్టు గెలుచుకున్నది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ కూడా తెచ్చింది. అంటే ఆయన పెట్టిన పొయ్యి మరికొంతకాలం మండింది. ఆ వెలుగును చూసి, కట్టెలు ఎగదోయాలన్న ధ్యాస లేకుండా ఉండిపోయారు. పంతులు పోయాక బడి నడవాలంటే, పంతులు ఉండగానే మరొక పంతులును తయారుచేయాలి. ఇది వారి లోపం, కాదనను. కాని ఆ లోపాన్ని ఒక్క పోలీసుల నెత్తినే వేస్తే మనం తప్పించుకున్నట్లే. పిల్లలు ఆడుకునే ఖాళీ స్థలాలు ఒక్కొక్కటే కట్టడాలైపోతుంటే అడ్డుపడినవారెవరు? ఫతే మైదానం లాల్ బహదూర్ స్టేడియం అయి, క్రికెట్టుకు ప్రసిద్ధి కెక్కుతుంటే చప్పట్లు కొట్టినది మనమే గదా. గోషామహల్ పోలీసు మైదానం స్థలంలో 2025 జనవరిలో ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రిని కాదనే నోరు నాకు లేదు. మైదానం ఒకటి తగ్గిందన్నది మాత్రం లెక్క.

మాది ఫుట్‌బాల్ సీమ కాదు. ఇక్కడ పిల్లవాడికి తెలిసినవి కబడ్డీ, ఎడ్ల పందేలు. అయినా ఊరుమ్మడి పని ఎలా నడుస్తుందో ఈ కొండ కింద ఏటా చూస్తూనే ఉంటాము. ఎనభై, తొంభై అడుగుల ప్రభను ఒక ఊరు నిలబెట్టాలంటే ఇంటింటి చందా, నెలరోజుల వెదురు పని, రాత్రుళ్ళ జాగారం. తాడు పట్టనివాడే ప్రభ వంకరగా ఉన్నదంటాడు. కమిటీ పెద్దలను లెక్కలు అడగవలసిందే. అడుగుతారు, అరుగుల మీద కొట్లాడుకుంటారు కూడా. కాని కొట్లాట ఎంత ముదిరినా, కావూరు ప్రభ వచ్చే ఏడు మరో ఊరి పేరుతో రాదు.

ఈ మాటే శిష్యుడితో అంటే కాసేపు ఊరకున్నాడు. తరువాత, "మీరు రహీం గారిని పంతులని వెనకేసుకొస్తున్నారు మాస్టారూ" అన్నాడు. మేమిద్దరం మాట్లాడుకుంటుండగానే, అంతసేపూ పక్కన వింటున్న నడివయసు కానిస్టేబుల్ ఒకాయన, "ఈ సిటీ పోలీసు టీము సంగతి మాకెవరూ చెప్పలేదండీ, ఇంతకీ ఎన్ని కప్పులు కొట్టారు?" అని అడిగాడు. శిష్యుడే వేళ్ళు మడుస్తూ సంవత్సరాలు చెప్పడం మొదలుపెట్టాడు. 1957 దగ్గర తడబడితే నేను అందించాను.