దేవుడి పటం వెనక కథ: రాజుగారి గోడ మీది బొమ్మ మన ఇంటికి ఎలా వచ్చింది?

తక్కువ ఖర్చులో ఇల్లు అందంగా ఎలా పెట్టుకోవాలి అని ఫోన్‌లో వెతికితే ఎన్ని వీడియోలు వస్తాయో మీకు తెలుసు. వాల్ స్టిక్కర్లు, ఎల్ఈడీ లైట్లు, మూడు ఫ్రేముల సెట్లు. ఇదంతా మన జనరేషన్ మొదలుపెట్టిందే అనుకుంటాం. కానీ సుమారు 130 ఏళ్ల కిందటే ఇలాంటి ఒక పెద్ద మార్పు వచ్చింది. అప్పటిదాకా మహారాజుల గోడల మీద మాత్రమే ఉన్న అందం మామూలు కుటుంబం గోడ మీదికి దిగొచ్చింది. ఆ కథే ఈరోజు ఎపిసోడ్.

ముందు మీ అమ్మమ్మ వాళ్ల ఇంటినో, నానమ్మ వాళ్ల ఇంటినో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పూజ గదిలోనో, ముందు గదిలో గుమ్మం పైనో ఒక లక్ష్మీదేవి పటం ఉంటుంది. ఎర్ర చీర, తామరపువ్వు మీద నిలబడిన అమ్మవారు, పక్కన ఏనుగు. లేదంటే వీణ పట్టుకున్న సరస్వతి, పక్కన నెమలి. ఆ బొమ్మ చూడగానే "దేవత అంటే ఇలాగే ఉంటుంది" అనిపిస్తుంది కదా? ఆ రూపానికి ఒక ఆర్టిస్ట్ ఉన్నాడు, ఒక ప్రింటింగ్ ప్రెస్ ఉంది, ఒక బిజినెస్ ప్లాన్ కూడా ఉంది.

ఒక ఉత్తరంతో మొదలైంది

ఆ ఆర్టిస్ట్ రాజా రవివర్మ. 1848లో తిరువాన్కూరు సంస్థానంలోని కిళిమానూరులో పుట్టాడు, అంటే ఇప్పటి కేరళ. కాన్వాసు మీద ఆయిల్ రంగులతో వేసే యూరప్ పద్ధతిని మన పురాణ కథలకి వాడాడు. బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ ఆయన చేత 14 పౌరాణిక చిత్రాలు వేయించుకున్నాడు. వాటిని ప్యాలెస్‌కి చేర్చకముందు జనానికి చూపిస్తే విపరీతంగా వచ్చారు. చూసినవాళ్లు ఆ బొమ్మల ఫోటోలు కొనుక్కుని మరీ వెళ్లారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. బొమ్మ కావాలనే కోరిక అందరికీ ఉంది. కొనగలిగే స్తోమత మాత్రం రాజుకే ఉంది. ఒక ఆయిల్ పెయింటింగ్ పూర్తవడానికి వారాలు, నెలలు పడుతుంది. ఒకటి వేస్తే ఒక్క గోడకే.

దీనికి దారి ముందే సూచించిన మనిషి ఒకరున్నారు. తిరువాన్కూరుకి, బరోడాకి దివాన్‌గా పనిచేసిన సర్ టి. మాధవరావు. మీ బొమ్మలకి ఇంత డిమాండ్ ఉంది, రెండు చేతులతో మీరు ఎంతమందికని వేస్తారు, కొన్నిటిని యూరప్ పంపించి రంగుల ప్రింట్లు తీయించండి అన్న అర్థం వచ్చేలా 1884లోనే రవివర్మకి ఉత్తరం రాశాడు. రవివర్మ ఇంకో అడుగు ముందుకేశాడు. ప్రింట్లు యూరప్‌లో ఎందుకు, ప్రెస్సే ఇక్కడ పెడదాం అనుకున్నాడు. 1894లో బొంబాయిలో ప్రెస్ మొదలైంది. మెషీన్లు జర్మనీవి, నడిపే టెక్నీషియన్లూ జర్మన్లే.

ఒక్కో రంగుకి ఒక్కో రాయి

ఆ రోజుల్లో రంగుల ప్రింట్ అంటే బటన్ నొక్కితే వచ్చేది కాదు. దాన్ని లితోగ్రఫీ అంటారు, రాతి అచ్చు అనుకోండి. నున్నగా చేసిన సున్నపురాయి పలక మీద జిడ్డు ఉండే సిరాతో బొమ్మ గీస్తారు. తర్వాత రాయిని నీళ్లతో తడుపుతారు. నూనెకీ నీళ్లకీ పడదు కదా. అందుకని రంగు రోలర్ నడిపితే గీసిన చోటే రంగు అంటుకుంటుంది, తడి ఉన్న చోట అంటుకోదు. దాని మీద కాగితం పెట్టి నొక్కితే బొమ్మ దిగుతుంది. ఇంతే సూత్రం. కనిపెట్టింది 1796లో జర్మనీలో, సెనెఫెల్డర్ అనే ఆయన.

కానీ రంగుల బొమ్మకి ఒక్క రాయి సరిపోదు. ఎరుపుకి ఒకటి, పసుపుకి ఒకటి, నీలానికి ఒకటి, మధ్యలో వచ్చే ఛాయలకి ఇంకొన్ని. ఒకే కాగితం అన్ని రాళ్ల మీదా వరసగా ఎక్కి దిగాలి. ఎక్కడైనా వెంట్రుకవాసి పక్కకి జరిగినా అమ్మవారి పెదవి రంగు బుగ్గ మీదికి వచ్చేస్తుంది. చివర్లో పైన వార్నిష్ పూస్తే ఆయిల్ పెయింటింగ్‌లా మెరుస్తుంది. అందుకే వీటిని ఓలియోగ్రాఫ్‌లు అన్నారు. రాళ్లు తయారు చేయడానికే పెద్ద ఖర్చు. కానీ ఒకసారి తయారయ్యాక కాపీలు తీసేకొద్దీ ఒక్కో బొమ్మ ఖర్చు తగ్గిపోతుంది. చౌక అవడంలో ఉన్న కిటుకు ఇదే.

అయితే బిజినెస్ సాఫీగా సాగలేదు. బొంబాయిలో ప్లేగు వచ్చింది, అప్పులు పెరిగాయి. ప్రెస్‌ని లోనావలా దగ్గర మళవలీ అనే ఊరికి మార్చారు. చివరికి 1900ల మొదట్లో ఫ్రిట్జ్ ష్లైకర్ అనే జర్మన్ టెక్నీషియన్‌కే అమ్మేయాల్సి వచ్చింది. 1906లో రవివర్మ చనిపోయాడు. ఇంటింటికీ లక్ష్మిని పంపించిన మనిషికి ఆ వ్యాపారంలో లక్ష్మి నిలవలేదు. ప్రెస్ మాత్రం ఆయన పేరుతోనే దశాబ్దాల పాటు నడిచింది.

ఇంకో ఇంట్రెస్టింగ్ విషయం. 1913లో "రాజా హరిశ్చంద్ర" సినిమా తీసిన దాదాసాహెబ్ ఫాల్కే అంతకుముందు ఈ ప్రెస్‌కి పనిచేసినవాడే. అంటే మన పౌరాణిక సినిమాకి ఈ గోడ పటంతో దగ్గర చుట్టరికమే ఉంది.

గుడి తలుపు మూసినా ఇంటి తలుపు తెరిచే ఉంది

ఇప్పటిదాకా చెప్పింది డెకరేషన్ గురించే అనిపించొచ్చు. కానీ ఈ కథలో అంతకంటే పెద్ద విషయం ఒకటుంది.

ప్రెస్ మొదలైంది 1894లో అని చెప్పాను. అప్పటికి దేశంలో ఎన్నో గుళ్లలోకి దళితులకి, ఇంకా కొన్ని కులాలవాళ్లకి ప్రవేశం లేదు. గర్భగుడిలో దేవుడు ఎలా ఉంటాడో తరతరాలుగా చూడనివాళ్లు ఉన్నారు. రవివర్మ పుట్టిన తిరువాన్కూరులో గుళ్లు అన్ని కులాల హిందువులకీ తెరుస్తూ ప్రకటన వచ్చింది 1936 నవంబర్ 12న. అంటే ప్రెస్ మొదలైన 42 ఏళ్లకి. మద్రాసు రాష్ట్రంలో, అంటే అప్పట్లో మన కోస్తా, రాయలసీమ కూడా ఉన్న రాష్ట్రంలో, ఆలయ ప్రవేశ చట్టం పూర్తి స్థాయిలో వచ్చింది 1947లో.

ఈ మధ్య కాలంలో కొనుక్కోగలిగిన ఎవరింటికైనా ఆ ప్రింట్ వెళ్లింది. అమ్మేవాడు కులం అడగలేదు, డబ్బు అడిగాడు. పూజారి అవసరం లేదు, గోడకి ఒక మేకు చాలు. ఒక కాగితం ముక్క కులాన్ని రూపుమాపిందని నేను అనడం లేదు. గుడిలోకి వెళ్లే హక్కు కోసం జనం పోరాడాల్సే వచ్చింది. కానీ తన ఇంట్లో, తన గోడ మీద, తన దీపం ముందు దేవుణ్ణి పెట్టుకోవడానికి ఒక దారి దొరికింది. పటం కింద ఒక దీపం, పైన ఒక పూలదండ పెడితే మట్టి గోడ కూడా ఆ ఇంటికి గుడి అయిపోయింది.

మరి విమర్శలు రాలేదా?

వచ్చాయి, గట్టిగానే వచ్చాయి. ఇ.బి. హావెల్, ఆనంద కుమారస్వామి, సిస్టర్ నివేదిత లాంటివాళ్లు రవివర్మ కళలో మన ఆత్మ లేదు, ఇది యూరప్‌కి కాపీ అన్నట్టు మాట్లాడారు. తర్వాతి రోజుల్లో "క్యాలెండర్ బొమ్మలా ఉంది" అనేది ఒక తిట్టు అయిపోయింది. ఆ మాటల్లో కొంత నిజం ఉంది. దేవతలందరూ తెల్లటి మేనిఛాయతో, ఒకే రకం ముఖాలతో వచ్చారు. చేత్తో వేసే చేర్యాల నకాషీలు, తంజావూరు బొమ్మల లాంటి ఎన్నో పద్ధతులు ఈ మెషీన్ బొమ్మతో పోటీ పడాల్సి వచ్చింది. కాశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా గోడల మీద ఒకే లక్ష్మి. అందం చౌక అయింది, దాంతోపాటు అన్ని గోడలూ ఒకేలా తయారయ్యాయి.

ఇది ఎక్కడో చూసినట్టు లేదూ? ఇవాళ ఏ కొత్త ఫ్లాట్‌కి వెళ్లినా అదే గ్రే గోడ, అదే బుద్ధుడి బొమ్మ, అవే మూడు ఆకుల ఫ్రేములు. సేమ్ ప్రాబ్లం, 130 ఏళ్ల తర్వాత.

అయితే అప్పటి ఆడవాళ్లు దీనికి ఒక సొల్యూషన్ కనిపెట్టారు. ప్రింట్ కొని అలాగే తగిలించలేదు. లక్ష్మి చీర మీద నిజం గుడ్డ అతికించారు. అంచుకి జరీ కుట్టారు. నగల చోట పూసలు, చమ్కీలు పెట్టారు. ఆ తర్వాత గాజు వేయించి పటం కట్టించారు. వేల కాపీల్లో ఒకటిగా వచ్చిన కాగితం, ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఒక్క బొమ్మ అయిపోయింది. అలా జరీ కుట్టిన ప్రింట్లని ఇప్పుడు కలెక్టర్లు వెతికి వెతికి కొంటున్నారు. చేసిన ఆవిడ పేరు మాత్రం ఏ పటం మీదా ఉండదు.

తెలుగు గోడల మీదికి

తర్వాత శివకాశి వచ్చింది. 1920లలో అక్కడ అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలైంది, అగ్గిపెట్టెల లేబుళ్ల కోసం ప్రింటింగ్ పెరిగింది, ఆ మెషీన్ల మీదే క్యాలెండర్లూ వచ్చాయి. కోవిల్‌పట్టిలో సి. కొండయ్యరాజు, ఆయన శిష్యులు వేసిన దేవుడి బొమ్మలు ఈ క్యాలెండర్ల మీద ఊరూరూ తిరిగాయి. ఇప్పుడు బొమ్మ కొనక్కర్లేదు కూడా. జనవరిలో కిరాణా కొట్టువాడు ఊరికే ఇచ్చేవాడు. సంవత్సరం అయిపోయాక తేదీల కాగితం చింపేసి, బొమ్మకి పటం కట్టించుకునేవాళ్లు.

మన తెలుగువాళ్లలో వడ్డాది పాపయ్యగారు ఉన్నారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. చిన్నప్పుడు ఇంట్లో చూసిన రవివర్మ కోదండరాముడి బొమ్మే ఆయన్ని ఈ దారిలోకి తెచ్చిందని చెబుతారు. చందమామ, యువ పత్రికలకి వ.పా. వేసిన ముఖచిత్రాలని ఎంతోమంది జాగ్రత్తగా కత్తిరించి దాచుకున్నారు. ఒక పత్రిక ధరకి చదువుకోవడానికి కథలు, గోడకి బొమ్మ. ఇంతకంటే బడ్జెట్ డెకరేషన్ ఏముంటుంది?

ఆ పటాలు తగిలించే పద్ధతి కూడా గుర్తు చేసుకోండి. పైభాగం ముందుకి వాలి ఉండేది. ఎందుకంటే అప్పుడు ఇంట్లో అందరూ కింద చాప మీద కూర్చునేవాళ్లు. కింద కూర్చున్నవాడికి బొమ్మ సూటిగా కనిపించాలి, గాజు మెరుపు కళ్లలో పడకూడదు. ఆ వాలు వల్ల వెనక ఏర్పడిన సందులో పిచ్చుకలు గూడు పెట్టుకునేవి. ఇల్లు ఊడ్చేటప్పుడు గడ్డిపరకలు పడుతున్నాయని విసుక్కున్నా, పిల్లలు ఎగిరేదాకా ఆ పటం కదిపేవాళ్లు కాదు.

మీ గోడకి పనికొచ్చే నాలుగు మాటలు

ఒకటి. రవివర్మ బొమ్మలకి ఇప్పుడు కాపీరైట్ లేదు. ఆయన పోయి వందేళ్లు దాటింది. మంచి క్వాలిటీ స్కాన్లు వికీమీడియా కామన్స్‌లో ఫ్రీగా దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసి దగ్గర్లోని డిజిటల్ ప్రింటింగ్ షాపులో తీయించుకోవచ్చు.

రెండు. పది చిన్న ఫ్రేములకి పెట్టే డబ్బు ఒక్క పెద్ద ఫ్రేముకి పెట్టండి. ఆన్‌లైన్‌లో కొనేముందు మీ ఊళ్లో పటాలు కట్టే షాపులో ఒకసారి రేటు అడగండి.

మూడు. నేరుగా ఎండ పడే గోడకి, బాత్రూమ్ పక్కన చెమ్మ ఉండే గోడకి వద్దు. ఫ్రేము వెనక కింది రెండు మూలల్లో చిన్న రబ్బరు ముక్కలు అతికిస్తే గాలి ఆడుతుంది, బూజు పట్టదు.

నాలుగు, ఇది ముఖ్యం. ఊళ్లో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత పటాలు పారేయకండి. బొమ్మ కింద అంచున చిన్న అక్షరాల్లో రవివర్మ ప్రెస్, కార్లా, లోనావలా అని ఇంగ్లీషులో ఉందేమో చూడండి. తడిగుడ్డతో తుడవకండి, కాగితం పాడైపోతుంది. మళవలీలోని ఆ ప్రెస్ 1972లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మీ అటక మీద ఉన్న కాపీ మళ్లీ రాదు.

ఫ్రెండ్స్, ఇవాళ ఇంటీరియర్ కోసం ఈఎంఐ కట్టేవాళ్లు ఉన్నారు. ఇంట్లో దేవుడి క్యాలెండర్ ఉందని వీడియో కాల్‌లో కెమెరా పక్కకి తిప్పేవాళ్లూ ఉన్నారు. సిగ్గుపడక్కర్లేదు. ఆ క్యాలెండర్ వెనక ఒక ఆర్టిస్ట్ అప్పులు, ఒక పెద్ద టెక్నాలజీ, గుడి బయట నిలబడ్డవాళ్ల భక్తి ఉన్నాయి. చౌకగా దొరికింది కాబట్టే అది అందరిదీ అయింది. దాన్ని మనది చేసుకోవాలంటే ఆ అమ్మమ్మల్లాగా మన చెయ్యి కాస్త పడాలి, అంతే.

మీ ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత పటం ఏదో, దాన్ని ఎవరు తెచ్చారో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. నమస్తే.