నెత్తుటి గడ్డ, ఆస్పిరిన్ మాత్ర

మందుల పేర్లకు వ్యుత్పత్తి చెప్పబూనడం తెలుగు పండితుడి పని కాదని కొందరు నవ్వవచ్చు. పాత అలవాటు, పోదు. ఆస్పిరిన్ అన్న మాటలో తొలి అక్షరం ‘అసిటైల్’ అనే రసాయన సమూహానికి గుర్తు. ‘స్పిర్’ అన్నది స్పైరియా అనే మొక్క పేరునుండి వచ్చింది. చివరి ‘ఇన్’ ఆనాటి మందుల పేర్లకు తగిలించే ప్రత్యయం. 1899లో జర్మనీలోని బేయర్ సంస్థ ఈ పేరు పెట్టింది. జ్వరానికీ, తలనొప్పికీ, కీళ్ళనొప్పులకూ ఉద్దేశించిన మాత్ర అది. ఆ పేరులో గుండె ప్రసక్తి లేదు, నెత్తురు ప్రసక్తి లేదు. నొప్పిమాత్రగా పుట్టినది గుండెమాత్ర అనిపించుకోవడానికి సుమారు తొంభై ఏళ్ళు పట్టింది. అది ఎవరికి గుండెమాత్ర, ఎవరికి కాదు అన్నది తేలడానికి మరొక ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఈ రెండవ సంగతి మన ఇళ్ళలో ఇంకా సరిగా తెలియకపోవడం వల్లనే ఈ వ్యాసానికి పూనుకున్నాను. నేను వైద్యుణ్ణి కాను. చదివి తెలుసుకున్న చరిత్రను నా భాషలో చెబుతున్నాను, అంతే.

మొదటి ఘట్టం త్వరగా ముగించవచ్చు. ఇంగ్లండులోని చిప్పింగ్ నార్టన్ అనే ఊరిలో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతాచార్యుడు విల్లో చెట్టు బెరడు రుచి చూశారు. అది సింకోనా బెరడు వలె చేదుగా తోచింది. ఎండబెట్టి, పొడిచేసి, చలిజ్వరంతో బాధపడేవారు 50 మందికి ఇచ్చి, ఫలితాన్ని 1763లో లండన్ రాయల్ సొసైటీకి లేఖగా వ్రాశారు. (ఆ లేఖ అచ్చయినప్పుడు ఆయన పేరు ఎడ్మండ్ అని పడింది. అచ్చుతప్పులు మన పత్రికల సొత్తే కాదు సుమా!) ఆ బెరడులోని సారాన్ని పందొమ్మిదవ శతాబ్దపు రసాయనజ్ఞులు వేరుచేశారు. 1897లో బేయర్ ప్రయోగశాలలో ఫెలిక్స్ హాఫ్మన్ దానిని శుద్ధమైన అసిటైల్ శాలిసిలిక్ ఆమ్లంగా తయారుచేశారు. ఆ పని తన సూచన మీదనే జరిగిందని ఆర్థర్ ఐఖన్‌గ్రూన్ 1949లో ప్రకటించారు. ఆయన యూదుడు, హిట్లర్ కాలంలో నిర్బంధ శిబిరం చవిచూసినవాడు. ఆ వివాదం నేటికీ పూర్తిగా సద్దుమణగలేదు.

ఇక నెత్తురు సంగతి. డెంగీ జ్వరాల పుణ్యమా అని ‘ప్లేట్‌లెట్లు’ అన్న మాట వినని ఇల్లు నేడు తెలుగునాట లేదు. మన పాఠ్యపుస్తకాలు రక్తఫలకికలన్నాయి. 1882లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో జూలియో బిజొజెరో వీటిని వర్ణించి, చిన్న పలకలు అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. గాయమైనచోట ఇవి వచ్చి ఒకదానికొకటి అంటుకొని గండి పూడ్చినట్టు పూడుస్తాయి. అది ప్రాణరక్షణ. అయితే గుండెకు నెత్తురు మోసుకుపోయే ధమనిలో ఏళ్ళ తరబడి పేరుకున్న కొవ్వు పొర ఏదో ఒకనాడు చిట్లుతుంది. ఫలకికలకు అదీ గాయమే. అక్కడా గుమికూడి గడ్డ కడతాయి. దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు. కాపాడే గుణమూ చంపే గుణమూ వేరు కావు, రెండూ ఒక్కటే. ఈ వ్యాసంలో ఇకముందు వచ్చేదంతా ఆ ఒక్క వాక్యానికి వ్యాఖ్యానమే.

ఆ వాక్యాన్ని మొట్టమొదట కళ్ళారా చూసినవారు పెద్ద పరిశోధకులు కారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, గ్లెండేల్ అనే పట్టణంలో మామూలు వైద్యం చేసుకునే లారెన్స్ క్రేవెన్. ఆయన టాన్సిల్స్ కోసి తీసినవారికి నొప్పి తెలియకుండా ఉండడానికి ఆస్పిరిన్ కలిసిన చూయింగ్ గమ్ నమలమనేవారు. కొందరికి నెత్తురు ఆగకుండా కారసాగింది, ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. విచారించగా, వారు చెప్పినదానికంటె చాలా ఎక్కువగా ఆ గమ్ నమిలారని తెలిసింది. మరొకరైతే ఆ మందు మానిపించి ఊరుకునేవారు. క్రేవెన్ ఆలోచన ఇంకొక అడుగు ముందుకు వేసింది: నెత్తురు గడ్డకట్టకుండా ఇది అడ్డుపడుతున్నదంటే, గడ్డ వల్ల వచ్చే గుండెపోటుకు కూడా అడ్డుపడాలి కదా!

ముందు తనమీదనే ప్రయోగించుకున్నారు. రోజుకు 12 మాత్రలు మింగారు. అయిదో రోజున ముక్కునుండి నెత్తురు కారింది. నమ్మకం చాలక మరి రెండు సార్లు అదే పని చేసి అదే ఫలితం చూశారు. ఆ తరువాత మధ్యవయస్సు దాటి, ఒళ్ళు వచ్చి, కూర్చొని పనిచేసే మగవారికి రోజూ ఆస్పిరిన్ ఇవ్వసాగారు. 1950లో 400 మంది లెక్క ప్రకటించారు. 1953లో 1,465 మంది అన్నారు. 1956 నాటికి సంఖ్య 8,000. వారిలో ఒక్కరికీ గుండెపోటు రాలేదన్నారు. గుండెపోటుగా భావించిన తొమ్మిది మరణాలలోనూ శవపరీక్షలో మహాధమని పగిలినట్లే తేలిందట.

లోకం పట్టించుకోలేదు. ఆయన వ్రాసింది మిసిసిపీ వ్యాలీ మెడికల్ జర్నల్ వంటి, పెద్ద వైద్యులు తిరగేయని పత్రికలలో. అది ఒక కారణమే గాని, దానినే నెపంగా చెప్పి ఆయనను గుర్తింపు దొరకని మహర్షిగా చిత్రించడం నాకు నచ్చదు. అసలు లోపం లెక్కలో ఉంది. మాత్ర మింగిన 8,000 మంది ఉన్నారు. మింగని, అటువంటివారే అయిన మరొక 8,000 మంది ఏరీ? ఎనిమిది వేలమంది మధ్యవయస్కులను ఏళ్ళ తరబడి గమనిస్తే ఒక్క గుండెపోటూ లేకపోవడమే అనుమానించదగిన సంగతి. బడిలో ఒక్క విద్యార్థీ తప్పలేదని ప్రధానోపాధ్యాయుడు చెబితే, ఇన్‌స్పెక్టరు మెచ్చుకోడు, జవాబుపత్రాలు తెమ్మంటాడు. క్రేవెన్ 1957లో గుండెపోటుతోనే కన్నుమూశారు.

ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో 1971లో లండన్‌లో జాన్ వేన్ తేల్చారు. శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు తయారు కాకుండా అది అడ్డుకుంటుంది. ఇందుకు ఆయన 1982లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందారు. ఫలకికలను పరస్పరం అంటుకొమ్మని ప్రేరేపించే థ్రాంబాక్సేన్ 1975లో బయటపడింది. దానిని తయారుచేసే ఎంజైముకు ఆస్పిరిన్ తన అసిటైల్ ముక్కను అంటించి, తాళంలో చెవి విరగ్గొట్టినట్టు శాశ్వతంగా మూసివేస్తుంది. తక్కిన కణాలైతే కొత్త ఎంజైమును తయారుచేసుకుంటాయి. ఫలకికకు కేంద్రకం లేదు, ఆ శక్తీ లేదు. దాని ఆయుర్దాయం వారం పది రోజులు. అంతవరకూ అది మూగదే. అందువల్లనే 75 మిల్లీగ్రాముల చిన్న మాత్ర రోజుకొకటి చాలును. మాత్ర మానినా దాని ప్రభావం కొన్నాళ్ళు ఉండడానికి కారణమూ ఇదే. అయితే కడుపు లోపలి పొరను ఆమ్లం తినివేయకుండా కాపాడేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే. కడుపులో పుండ్లు, రక్తస్రావం ఈ మందుకు నీడలా వెంట ఉంటాయి. ఒక్క ఎంజైము, రెండు ఫలితాలు.

క్రేవెన్ చేయని పని 1974లో కార్డిఫ్‌లో పీటర్ ఎల్‌వుడ్, ఆర్చీ కాక్రేన్ ప్రభృతులు చేశారు. గుండెపోటు వచ్చి బ్రతికిన 1,239 మంది పురుషులను, చీటీలు వేసినట్టు, రెండు వర్గాలు చేసి ఒకరికి ఆస్పిరిన్, మరొకరికి చూడడానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏడాదికి మరణాలు నాలుగో వంతు తగ్గినట్లు కనిపించింది. అయినా ఇది కాకతాళీయం కావచ్చునని, నిశ్చయంగా చెప్పలేమని వారే వ్రాసుకున్నారు. ఆ నిజాయితీకి నేను నమస్కరిస్తాను. 1980లో అమెరికాలో 4,524 మందిపై జరిగిన పరీక్షలో అసలు ప్రయోజనమే కానరాలేదు. చిక్కు వీడడానికి ఇంకా పెద్ద సంఖ్య కావలసి వచ్చింది.

అది 1988లో లభించింది. ఆక్స్‌ఫర్డ్ నుండి నడిపిన ఐసిస్-2 అనే పరీక్షలో 16 దేశాలు, 417 ఆసుపత్రులు, 17,187 మంది రోగులు పాల్గొన్నారు. అందరూ గుండెపోటు అనుమానంతో అప్పుడే చేరినవారు. అయిదు వారాలలో ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో గుండె, రక్తనాళాల జబ్బుతో మరణించినవారు నూటికి 11.8. నెలరోజులు ఆస్పిరిన్ మింగినవారిలో 9.4. అంటే వెయ్యిమందికి 24 ప్రాణాలు, అతి చౌకైన మాత్రతో. గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ కూడా తోడైనవారిలో మరణాలు 8కి దిగాయి. రెండూ అందనివారిలో అవి 13.2.

ఈ పరీక్షకు ఒక చిన్న ఉపకథ ఉన్నది. పంచాంగం తిరగేసిన చేతులు కనుక నేను దానిని దాటిపోలేను. వ్యాసం అచ్చువేయబోయే లాన్సెట్ పత్రిక సంపాదకులు, ఏ వయసువారికి ఎంత మేలు, ఏ తరహా రోగికి ఎంత అని వర్గాలుగా విడగొట్టి చూపమన్నారట. అలా ముక్కలు చేస్తే యాదృచ్ఛికమైన తప్పుడు ఫలితాలు వస్తాయని పరిశోధకుల వాదన. చివరకు సరేనని, రోగులను జన్మరాశులవారీగా కూడా విడగొట్టి ఆ పట్టికలో చేర్చారు. మిథున, తులా రాశులవారికి ఆస్పిరిన్ వల్ల కాస్త కీడే జరిగినట్లు, తక్కిన పది రాశులవారికి ఎంతో మేలు జరిగినట్లు వచ్చింది! (ఇవి పాశ్చాత్యుల సూర్యరాశులు, మన చంద్రరాశులు కావు. తులారాశి పాఠకులు కంగారుపడనవసరం లేదు.)

నవ్వుకొని వదిలేయదగిన కథ కాదు ఇది. 1978లో కెనడాలో పక్షవాత సూచనలున్న 585 మందిపై జరిగిన పరీక్షలో ఆస్పిరిన్ పురుషులకు మేలు చేసినట్టు, స్త్రీలకు చేయనట్టు కనిపించింది. స్త్రీల సంఖ్య తక్కువ కావడం వల్ల వచ్చిన తేడా అది. అయినా దాని ఆధారంగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1980లో ఆ ఉపయోగానికి పురుషుల విషయంలోనే అనుమతి ఇచ్చింది. స్త్రీలకు ఆ అనుమతి 1998లో వచ్చింది. మిథునరాశి పట్టికను నమ్మి పద్ధెనిమిదేళ్ళు మందు ఆపినట్లే అయింది.

తరువాత కొత్త మందులు వచ్చాయి. టిక్లోపిడిన్ తెల్లకణాలను దెబ్బతీయడంతో దాని స్థానాన్ని క్లోపిడోగ్రెల్ ఆక్రమించింది. 2001లో వెలువడిన క్యూర్ పరీక్షలో, గుండెపోటు అంచున ఉన్న 12,562 మందిలో ఒక వర్గానికి ఆస్పిరిన్‌కు తోడు ఇది కూడా ఇవ్వగా, గుండె మరణాలు, గుండెపోట్లు, పక్షవాతాలు కలిపి నూటికి 11.4 నుండి 9.3కు తగ్గాయి. పెద్ద రక్తస్రావాలు 2.7 నుండి 3.7కు పెరిగాయి. నాకు స్టెంట్ వేసినప్పుడు ఏడాదిపాటు ఈ రెండు మాత్రలూ మింగమన్నారు. గడ్డం గీసుకునేటప్పుడు కత్తి తగిలితే తువ్వాలు తడిసేది. క్రేవెన్ ముక్కు గుర్తుకు వచ్చేది.

నాతోపాటు పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు ఒకరు, గుండెజబ్బు ఏదీ లేకున్నా, నన్ను చూసి తానూ ఆస్పిరిన్ మింగసాగారు. “మీకు మంచిదైనది నాకు చెడ్డదెలా అవుతుంది మాస్టారూ?” అన్నది ఆయన ప్రశ్న. లెక్కల మాస్టారికి లెక్కలతోనే జవాబు చెప్పాలి. 2009లో ఆక్స్‌ఫర్డ్‌వారు అప్పటివరకు జరిగిన పరీక్షలన్నీ గుదిగుచ్చారు. ఇదివరకే గుండెపోటో పక్షవాతమో వచ్చినవారిలో, ఏడాదికి వెయ్యిమందిలో 82 మందికి రావలసిన ఆపద, ఆస్పిరిన్‌తో 67 మందికి తగ్గింది. అంటే పదిహేనుమంది దక్కారు. ఏ జబ్బూ లేనివారిలోనో, ఏడాదికి పదివేలమందిలో 57 నుండి 51కి తగ్గింది. అంటే ఆరుగురు. వారిలోనే పెద్ద రక్తస్రావాలు పదివేలకు 7 నుండి 10కి పెరిగాయి. మాత్ర మారలేదు, మింగేవాడు మారాడు.

2018లో మూడు పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఆస్ప్రీ అనే దానిలో ఆస్ట్రేలియా, అమెరికాలకు చెందిన, చాలామటుకు డెబ్బైయేళ్ళు దాటిన 19,114 మంది ఆరోగ్యవంతులు పాల్గొన్నారు. గుండెకు చెప్పుకోదగిన మేలు లేదు. పెద్ద రక్తస్రావాలు ఏడాదికి వెయ్యిమందిలో 6.2 నుండి 8.6కు పెరిగాయి. ఆసెండ్ అనే దానిలో 15,480 మంది మధుమేహ రోగులు. ఏడేళ్ళకు పైబడిన కాలంలో ఆపదలు నూటికి 9.6 నుండి 8.5కు తగ్గగా, పెద్ద రక్తస్రావాలు 3.2 నుండి 4.1కి పెరిగాయి. ఇచ్చినదానిలో చాలామటుకు పుచ్చుకున్నట్లయింది. అరైవ్ అనే మూడవదీ ఆరోగ్యవంతులకు ఈ మాత్ర ఇమ్మని సిఫారసు చేయదగిన ఫలితం చూపలేదు. వీటి పర్యవసానంగా 2022 ఏప్రిల్‌లో అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం, అరవై దాటినవారు గుండెపోటు రాకముందే నివారణ కోసమని ఆస్పిరిన్ కొత్తగా మొదలుపెట్టవద్దని, నలభై నుండి యాభైతొమ్మిది ఏళ్ళవారు వైద్యునితో కలిసి బేరీజు వేసుకోవాలని చెప్పింది. క్రేవెన్ గ్లెండేల్‌లో మాత్ర ఇచ్చింది చాలామటుకు ఇటువంటివారికే. గుండె జబ్బు లేని, మధ్యవయస్సు దాటిన మగవారికి.

ఆ వార్త చదివి మా లెక్కల మాస్టారు ఫోను చేశారు. “ఆస్పిరిన్ వద్దంటున్నారట. నేను ఈ రోజునుంచి మానేస్తున్నాను, మీరూ మానేయండి!” నన్ను చూసి మొదలుపెట్టినవారు ఇప్పుడు నన్ను కూడా మానమంటున్నారు! ఆ సలహా స్టెంట్ ఉన్నవారికి, గుండెపోటు వచ్చినవారికి వర్తించదని, అటువంటివారు పన్ను పీకించుకోవడానికైనా వైద్యుణ్ణి అడగకుండా ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టే ప్రమాదమున్నదని చెప్పాను. ఆయననూ తన వైద్యుణ్ణి అడిగే నిర్ణయించుకొమ్మన్నాను. వెళ్ళారు. ఆ వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, ఎప్పుడైనా కడుపులో పుండు ఉండేదా అని. ఉండేదట, నలభై ఏళ్ళనాడు. ఆయన మాత్ర ఆగిపోయింది. నాది సాగుతున్నది.